పచ్చ చుక్క
తొమ్మిదో వారం

పోయిన వారం సుగుణమ్మను మనం తార్నాకలో, వంటింట్లో, పొయ్యి ముందు వదిలేసి వచ్చాం. పొయ్యి మీద పాలు, చేతిలో భర్త డేవిడ్ పాత ఫోను, ఆ ఫోనులో సమ్మయ్య పంపిన మాట: "రేపు పొద్దుగాల పట్నం వస్తున్న. ఆర్ట్స్ కాలేజీ మెట్ల కాడ కూసుంట. రా డేవిడూ, ఒక్కపారి నిన్ను చూస్త." ఆ మాట ఆమె చదువుతున్న వేళకే హబ్సిగూడలో, ఆఫీసు కుర్చీలో, కూతురు ఏంజెల్ తన ఫోను చూసి కొయ్యబారిపోయింది. తండ్రి పేరు పక్కన పచ్చ చుక్క. కరోనా రెండో విడతలో పోయిన తండ్రి. తనే వంగి పిడికెడు మన్ను వేసి వచ్చిన తండ్రి. ఆయన ఇప్పుడు ఆన్‌లైన్లో ఉన్నాడు.

ఈ వారమే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళకు ఒక్క ముక్క. సుగుణమ్మది రేపల్లె వైపు. తార్నాకలో ఒక మిషన్ బడిలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయింది. డేవిడ్‌దీ ఆ వైపే. యూనివర్సిటీలో ఎమ్మే చదివి, అక్కడే ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే జుట్టు నెరిశాడు. ఆయన పోయిన రోజుల్లో గడప దాటి బయటికి రావడానికి మనుషులు భయపడ్డారు కాబట్టి సమాధి దగ్గరికి పట్టుమని పదిమంది రాలేదు. చాలామందికి కబురే అందలేదు. ఆ తర్వాత వచ్చిన పుట్టినరోజుకు ఫేస్‌బుక్‌లో శుభాకాంక్షలు వచ్చి పడ్డాయి. నిండు నూరేళ్ళు బతకమన్నారు. మనిషి లేడని ఒక్కొక్కరికీ చెప్పుకునే ఓపిక లేక, సుగుణమ్మ ఆయన ఫోనులోంచే 'వందనాలు' అని కొట్టింది. అంతే, అక్కడ పడింది అడుగు. ఆపైన ఆయన పాత ఫొటోలు ఒక్కొక్కటే తీసి 'ఈ ఉదయం వాకింగ్‌లో' అని పెట్టసాగింది. జనం చిక్కావన్నారు, వయసే రావడం లేదన్నారు, జుట్టుకు రంగెక్కడ కొంటున్నావన్నారు. ఆమె అందరికీ ఆయనలాగే జవాబిచ్చింది. ఆ దారినే ఒకరోజు సమ్మయ్య వచ్చాడు. హాస్టల్లో డేవిడ్‌తో ఒకే గదిలో ఉన్నవాడు. అతను వచ్చాక ఇక ఆమె వెనక్కి రాలేకపోయింది.

ఇప్పుడు చూడండి.

పాలు పొంగాయి. స్టవ్ కట్టేసి మసిగుడ్డ అందుకునేలోపే కింద స్కూటీ ఆగిన చప్పుడైంది. ఏంజెల్ రోజూ చీకటిపడ్డాక గానీ రాదు. ఇంకా ఎండ గోడ మీదే ఉంది. మెట్ల మీద ఆ అడుగులు వినగానే సుగుణమ్మకు ఎందుకో తెలిసిపోయింది. చేతిలో ఫోనును బియ్యం డబ్బాలోకి దూర్చి, పైన దోసెడు బియ్యం కప్పి, మూత పెట్టింది. ముప్పై ఏళ్ళు పిల్లల జేబుల్లో దాచిన చింతకాయలు పట్టుకున్న టీచరమ్మకు తానే ఇలా దాచడం సిగ్గనిపించింది. అనిపించినా దాచింది.

ఏంజెల్ చెప్పులు కూడా విడవకుండా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. హెల్మెట్ తీయలేదు. తన ఫోను తీసి, ఒక పేరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది.

బియ్యం డబ్బా మోగింది.

డేవిడ్ పెట్టుకున్న పాత హార్మోనియం బాణీ. బియ్యం కింద గొంతు నొక్కినట్టు, ఎక్కడో పాతాళంలో ఎవరో వాయిస్తున్నట్టు వినిపిస్తోంది. ఆగకుండా మోగుతోంది. ఇద్దరూ డబ్బా వైపే చూస్తున్నారు.

"ఎత్తు మమ్మీ," అంది ఏంజెల్. "డాడీకి ఫోన్ చేస్తున్న. ఎత్తమను."

"అది... ఊరికే పాడవుతుందని, అప్పుడప్పుడూ చార్జింగు పెడుతున్నానే."

"బియ్యంలనా?"

ఏంజెల్ హెల్మెట్ తీసి గట్టు మీద పెట్టి, డబ్బా మూత తీసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి ఫోను పైకి లాగింది. బియ్యపు గింజలు నేలంతా చిందాయి. తెర మీద ఇంకా వెలుగుతూ ఉన్నది, 'ఏంజెల్, నా బంగారం' అని డేవిడ్ ఎప్పుడో పెట్టుకున్న పేరు. అది చూసి పిల్ల ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఆపైన కళ్ళు తెరిచింది గానీ, ఆ కళ్ళు వేరు.

"వచ్చే శనివారం జ్ఞాపకార్థ కూడిక కదా. పోస్టర్ చేసిన. తెల్ల పువ్వులు, పావురం, డాడీ నవ్వే ఫొటో. డాడీ పేరు ట్యాగ్ చేద్దామని, ఇన్నేండ్లకు ఆయన ఫేస్‌బుక్ పేజీ తెరిస్తే పచ్చ చుక్క. ఆఫీసుల అందరి ముందట అరిచిన మమ్మీ. ఏమైందని అడుగుతున్రు. ఏం చెప్పాలె? మా డాడీ లేచిండని చెప్పాలెనా?"

"అరవకే. పక్కింటోళ్ళు..."

"పక్కింటోళ్ళు! అవును, పక్కింటోళ్ళు. కొత్త సంవత్సరం రాత్రి చర్చిల వాగ్దానం కార్డుల పళ్ళెం నీ ముందటికొస్తే రెండు తీసినవ్. ఒకటి నీకు, ఇంకోటి ఎవరికంటే పక్కింటామెకన్నవ్. ఆ కార్డు ఫొటో ఈడ ఉన్నది, డాడీ పేరు మీద. 'ఈ ఏడు నాకొచ్చిన వాగ్దానం' అంట. మమ్మీ, చచ్చిపోయిన మనిషికి ఈ ఏడు వాగ్దానం ఏంది?"

తార్నాక చర్చిల్లో ఆ అలవాటు తెలియనివాళ్ళు లేరు. పాత సంవత్సరం వెళ్ళిపోయే రాత్రి, ప్రార్థన ముగిశాక, వాక్యం రాసిన చిన్న చిన్న కార్డులు పళ్ళెంలో బోర్లించి తెస్తారు. ఎవరి చేతికి ఏది వస్తే అది ఆ ఏడాదికి వాళ్ళ వాక్యం. డేవిడ్ ఉన్నన్నాళ్ళూ పళ్ళెం రాగానే ఇద్దరూ ఒకేసారి చేతులు పెట్టేవాళ్ళు. పోయిన తర్వాతా సుగుణమ్మ రెండు తీస్తూనే ఉంది. తనది కుడిచేత్తో, ఆయనది ఎడమచేత్తో. ఎందుకంటే ఆయన ఆమెకు ఎప్పుడూ ఎడమ పక్కనే కూర్చునేవాడు.

ఇదంతా కూతురికి ఎలా చెప్పాలి? కింద చతికిలబడి బియ్యపు గింజలు ఏరడం మొదలుపెట్టింది.

ఏంజెల్ గట్టుకు ఆనుకుని సమ్మయ్య మాటలన్నీ వేలితో పైకి తోసుకుంటూ పోయింది. మొదటికి వెళ్ళి చదవడం మొదలుపెట్టింది, కోర్టులో గుమాస్తా చదివినట్టు.

"'సమ్మయ్య గారూ, నమస్కారమండీ. ఎంతకాలమైందండీ.' ఇది నువ్వు. దానికి ఆయన, 'గారేందిరా? అండి ఏంది? రేపల్లె నీళ్ళు మళ్ళ ఎక్కినయా నీకు?'"

నవ్వు పెదాల చివరదాకా వచ్చింది పిల్లకు. బలవంతాన మింగింది.

"'ఇయ్యాల ఏం కూర?' మళ్ళ, 'ఇయ్యాల ఏం కూర?' ఏంది మమ్మీ, రోజూ ఇదే. ఒక మొగోడు ఇంకో మొగోన్ని రోజూ కూర అడుగుతడా?"

"తిండి మీద యావ ఉన్న మనిషేమో అనుకున్నా," అంది సుగుణమ్మ నేల మీదనుంచే.

"ఫోన్ చెయ్యలే ఎన్నడు?"

"చెవులు వినపడవంట. రాయడమే."

"మంచిగైంది. నీక్కూడ గొంతు మార్చే పని తప్పింది."

ఆ మాట సూటిగా దిగింది. సుగుణమ్మ ఏరిన గింజలు పిడికిట్లోనే పట్టుకుని ఉండిపోయింది.

ఏంజెల్ ఫోనును గట్టు మీద బోర్లించింది. ఇప్పటిదాకా కోపంతో బిగుసుకున్న మనిషి, ఒక్కసారిగా భుజాలు జారవిడిచింది.

"నేను డాడీకి రాసిన మెసేజులు చదివినవా?"

సుగుణమ్మ గట్టు కిందికి దొర్లిన గింజల కోసం చెయ్యి చాచింది.

"చదివినవ్. నాకు తెలుసు. వానాకాలంల ఒకరోజు మెట్రోల కూసున్న. డాడీకి రాసిన మెసేజ్ కింద డాడీ ఫొటో, చిన్నగ, గుండ్రంగ, టప్పున వచ్చి పడ్డది. చూసినట్టు. తార్నాక స్టేషన్ల దిగాల్సినదాన్ని దిగలే. ఆఖరి స్టేషన్ దాక పోయిన." పిల్ల గొంతు సన్నబడింది. "ఫోన్ ఖరాబైందని నాకు నేనే చెప్పుకున్న. కనుక్కోవాలంటే రెండు నిమిషాల పని మమ్మీ. నేను కనుక్కోలే. కావాల్నని కనుక్కోలే."

"అమ్మడూ..."

"ఆగు. ఒకరోజు రాసిన. డాడీ, నువ్వు చౌరస్తా నుంచి పేపర్ల చుట్టుకొచ్చే పునుగులు తినాలనున్నది అని. తెల్లారి నువ్వు పునుగులు వేసినవ్. నూనె వాసనే పడదనేదానివి, వేసినవ్. నేను ప్లేట్ తీసుకొని బాల్కనీలకు పోయి ఏడ్సిన. దేవుడు విన్నడనుకున్న."

"నేను విన్నానే."

"నువ్వు వినొద్దు!" ఏంజెల్ గట్టు మీద అరచేత్తో కొట్టింది. హెల్మెట్ దొర్లి కింద పడింది. "అది నీకు రాయలే. నీకు చెప్పలేకనే ఆయనకు రాసిన. పోయినోళ్ళకు చెప్తే ఎవరికీ తెల్వదు కదా అని రాసిన. సంజీవ్‌ను ఇష్టపడుతున్న సంగతి కూడ చదివినవ్ కదా?"

"చదివా."

"ఎన్ని నెలలైంది?"

"నువ్వు నాతో ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా. నీ నోటితో వినాలని." సుగుణమ్మ గింజలు డబ్బాలో పోసి, చేతులు పైట చెంగుకు తుడుచుకుంది. "మంచి పిల్లాడిలాగే ఉన్నాడు. వాళ్ళ పోచమ్మ పండక్కి నిన్ను పిలిచాడని, వెళ్ళాలా వద్దా అని రాశావు. వెళ్ళమని చెబుదామని వేళ్ళదాకా వచ్చింది. ఆయన పేరు మీద నీకు మాత్రం ఒక్క అక్షరం రాయలేదే. లోకానికంతా ఆయన్నయ్యాను. నీకు కాలేకపోయాను."

ఏంజెల్ వంగి హెల్మెట్ తీసింది, దానికి అంటిన గింజలు ఒక్కొక్కటే గోటితో గిల్లి తీయసాగింది. కోపం ఇంకా ఉంది. కానీ ఎక్కడ నిలబడాలో దానికి తెలియడం లేదు.

"ఎందుకు మమ్మీ?" అంది చివరికి. "అసలు ఎందుకు?"

సుగుణమ్మ పీట లాక్కుని కూర్చుంది. చెప్పడానికి మాటలు వెతుక్కోలేదు, అవి ఎన్నాళ్ళుగానో వరసలో నిలబడి ఉన్నాయి.

"మీ తాతయ్య పోయినప్పుడు సమాధి కూడికలో ఒక్కొక్కళ్ళూ లేచి సాక్ష్యం చెప్పారు. ఎద్దుల బేరంలో ఎలా మోసపోయాడో ఒకడు చెప్పాడు, తుఫానులో ఎవరిని భుజాన మోశాడో ఒకడు చెప్పాడు. ఏడుస్తూ నవ్వాం. ఇంటికొచ్చేసరికి ఆయనతో నిండిపోయి వచ్చాం. మీ నాన్నకేం జరిగింది? ముఖాలు కనపడని బట్టలేసుకున్నవాళ్ళు దించారు, పాస్టరు గారు దూరంనించి ప్రార్థన చేశారు, అయిపోయింది. ఆయన గురించి ఒక్కడు లేచి ఒక్క ముక్క చెప్పలేదే. ఖాళీ చేతుల్తో వచ్చినట్టు వచ్చా. ఇన్నాళ్ళకి ఒకడు దొరికాడు. నా పేరుతో అడిగితే ఓదార్చి ఊరుకుంటాడు. ఆయన పేరుతో అడిగితే చెప్తాడు. 'నాకు సరిగా గుర్తులేదురా, నువ్వే చెప్పు' అంటే చాలు, పేజీలకు పేజీలు చెప్తాడు."

ఆమె ఫోను అందుకుని, ఒకచోట ఆపి కూతురికి చూపించింది.

"చూడు. హాస్టలు వెనక సీతాఫలాలు కోసుకొచ్చి ట్రంకుపెట్టెలో మాగేశాడంట. చీమలు పట్టి గదంతా పాకితే రెండు రోజులు వరండాలో పడుకున్నారంట. కప్పలంటే భయమంట మీ నాన్నకి. ముప్పై ఏళ్ళు కాపురం చేశా, నాకు తెలీదు. వానాకాలం ఆయన తలుపు ముందే ఎందుకు చెప్పులు దులిపేవాడో ఇప్పుడు తెలిసింది. ఇంకోటి. పెళ్ళిచూపులకు ఆయన వేసుకొచ్చిన గీతల చొక్కా ఉంది చూశావా, నీలం గీతలు, దాన్ని చూసే నేను ఊఁ అన్నా. అది ఆయనది కాదంట. సమ్మయ్యది. అరువు."

"అంటే డాడీ కూడ ఫేకే," అంది ఏంజెల్.

ఎవరు ముందు నవ్వారో చెప్పడం కష్టం. నవ్వు మధ్యలోనే పిల్ల ఏడుపులోకి జారింది. కింద కూర్చుని తల్లి మోకాళ్ళ మీద తల పెట్టింది. బియ్యపు గింజలు గుచ్చుకుంటున్నా కదలలేదు.

కాసేపటికి, తల ఎత్తకుండానే అంది: "రేపు ఆ అంకుల్ వస్తడు. ఎండల మెట్ల మీద కూసుంటడు. డాడీ కోసం చూస్తడు. పోస్టర్ సంగతి నేను తర్వాత చూస్త. కానీ ఆయనకు నువ్వే చెప్పాలె. ఇప్పుడే చెప్పు."

సుగుణమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. పచ్చ చుక్క వెలుగుతోంది, అవతల సమ్మయ్య పేరు పక్కనా వెలుగుతోంది. వేలు అక్షరాల మీదికి వెళ్ళి ఆగింది. చెప్పిన మరుక్షణం డేవిడ్ ఇంకోసారి పోతాడు. ఈసారి మన్ను వేసేది తనే.

"ఈ ఒక్క పూట ఉండనియ్యవే ఆయన్ని," అంది. "పొద్దున చెప్తా. ఆ మెట్ల ముందే కూర్చుని చెప్తా."

తల్లి చేతిలోని ఫోను వైపు గడ్డం ఎగరేసి ఏంజెల్ అడిగింది: "ఇంకేం చెప్పిండు డాడీ గురించి?"

పొద్దున స్కూటీ మీద తల్లిని ఎక్కించుకుని ఏంజెల్ క్యాంపస్‌లోకి వచ్చింది. డేవిడ్ పోయాక సుగుణమ్మ ఈ దారిన నడవడం మానేసింది. ఫొటోల్లో మాత్రం ఆయన్ని రోజూ నడిపించింది. రేల చెట్లు పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి. నడకకొచ్చిన తార్నాకవాళ్ళు చేతులూపుకుంటూ పోతున్నారు. ఈ దారిలోనే, చర్చివాళ్ళెవరూ ఎదురుకారని నమ్మకం కుదిరిన మలుపు దాటాక, డేవిడ్ ఆమె చెయ్యి పట్టుకునేవాడు. చిన్నప్పుడు గడ్డి కోసే కత్తి పడి సగం పోయిందని చెప్పిన ఆ ఎడమ బొటనవేలు, ఆ మొద్దు వేలు, ఆమె అరచేతిలో అటూ ఇటూ తిరుగుతుండేది. మెత్తగా, పిల్లి తల రుద్దినట్టు. ఆ మలుపు రాగానే సుగుణమ్మ తెలియకుండానే అరచెయ్యి తెరిచింది. గాలి తగిలింది.

ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా, రోడ్డుకు ఇవతల సిమెంటు బెంచీ మీద కూర్చుంది. ఏంజెల్ కాస్త దూరంలో చెట్టు కింద స్కూటీ ఆపి, "నేను ఈడనే ఉంట," అంది. అప్పటికే మెట్ల మీద జనం ఉన్నారు. ఒకడు స్నేహితుడి కోటు తొడుక్కుని, ధర పట్టీ ఊడీ ఊడనట్టున్న టై కట్టుకుని, స్తంభానికి ఆనుకుని ఫొటో దిగుతున్నాడు. దిగగానే కోటు విప్పి ఇంకొకడికిచ్చాడు. వాడూ అదే స్తంభానికి ఆనుకున్నాడు. సుగుణమ్మకు నీలం గీతల చొక్కా గుర్తొచ్చింది. ముసలివాళ్ళెవరూ కనపడలేదు. సమ్మయ్య ఇంకా రాలేదన్నమాట. అదీ మంచిదే, అనుకుంది. ముఖం చూస్తూ ఈ మాట చెప్పడం తన వల్ల కాదు.

బడిలో బోర్డు మీద రాసినంత శ్రద్ధగా, ఒక్క తప్పు లేకుండా రాసింది.

"సమ్మయ్య గారూ. నేను డేవిడ్‌ని కాను. ఆయన భార్య సుగుణను. ఆయన కరోనాలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళూ మీతో మాట్లాడింది నేనే. మీరు ఆయన ముచ్చట్లు చెబుతుంటే ఆపలేకపోయాను. ఎండలో కూర్చోకండి. ఆయన రారు. నన్ను క్షమించండి."

నొక్కింది. మాట వెళ్ళిపోయింది. దాని కింద సమ్మయ్య ఫొటో, చిన్నగా, గుండ్రంగా, వచ్చి పడింది. చూశాడు.

అవతల రాస్తున్నట్టు మూడు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"తెల్సు."

ఆమె ఆ మాటను మళ్ళీ చదివింది.

"కొత్త సంవత్సరం నాటి నుంచి తెల్సు. వాగ్దానం కార్డు పట్టుకొని ఫొటో పెట్టినవు గద. కార్డు పట్టుకున్న బొటనేలు నిండుగున్నది."

సుగుణమ్మ తన ఎడమచెయ్యి పైకెత్తి చూసుకుంది. ఆ రోజు ఆయన కార్డని ఆయన కూర్చునే పక్క చేత్తోనే పట్టుకుంది. కుడిచేత్తో ఫొటో తీసింది. ఎడమచేతి వేలి వంక చూసింది కూడా, గోరు మురికిగా లేదు కదా అని. ఎన్నేళ్ళు అరచేతిలో తిప్పిన వేలు! లోకమంతా మరిచిపోయినా తను మరవకూడని వేలు. దాన్నే మరిచింది. అబద్ధం పట్టుబడ్డందుకు కాదు, ఇందుకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫోను మళ్ళీ కదిలింది.

"గడ్డికత్తికి తెగిందని చెప్పిండా నీకు? గడ్డికత్తి గాదు. హాస్టల్ ఇనుప గేటు. రెండో ఆట సినిమా చూసి దొంగతనంగ లోపలికి వస్తుంటే వాచ్‌మన్ ఉరికొచ్చిండంట. ముందుగాల లోపలికొచ్చిన సమ్మయ్య బుగులువడి గేటు దబ్బున ఏసిండు. డేవిడన్న చెయ్యి నడుమల ఉన్నది. ఎవరేసిన్రని వార్డెన్ అడిగితే డేవిడన్న పేరు చెప్పలే. బతికినన్ని రోజులు ఎవ్వరికి చెప్పలే."

సుగుణమ్మ కన్నీళ్ళు తుడుచుకుంటూ చదివింది. సగం చదివాక వేలు ఆగింది. సమ్మయ్య బుగులుపడి. డేవిడన్న. ఈ మనిషి తన పేరును తనే పరాయి మనిషి పేరులా ఎందుకు రాస్తున్నాడు? ఇన్నాళ్ళూ డేవిడూ, ఒరేయ్ అన్నవాడు, ఇవాళ డేవిడన్న అంటాడేం?

"తెలిసీ ఇన్ని నెలలు ఎందుకు ఊరుకున్నారు?" అని కొట్టింది.

"నువ్వు చెప్తవని చూసిన. చెప్తే ముచ్చట్లు బందయితయని బయమయింది. నాకు మాత్రం ఎవరున్నరు, ఆ పాత ముచ్చట్లు చెప్పుకొనీకి." కాసేపు చుక్కలు. "తల లేపి మెట్ల దిక్కు చూడు."

సుగుణమ్మ చూసింది. కోటు కుర్రాళ్ళు పక్కకు జరిగారు. వాళ్ళ వెనక, స్తంభం నీడలో, ఇందాకటి నుంచీ ఉన్నా తను ముసలాయన కోసం వెతుకుతూ చూడని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. గళ్ళ నూలుచీర, నెరిసిన ముడి, ఎముకలు తేలిన మణికట్టుకు వదులుగా వేలాడుతున్న మగవాళ్ళ గడియారం. ఒళ్ళో మడతపెట్టిన బట్ట ఏదో ఉంది. ఆమె ఇటే చూస్తోంది. చూస్తూ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

సుగుణమ్మ చేతిలో డేవిడ్ ఫోను మోగింది. హార్మోనియం బాణీ. తెర మీద పేరు: సమ్మయ్య.

చెట్టు కింద ఏంజెల్ స్కూటీ మీదనుంచి దిగింది. సుగుణమ్మ ఫోను ఎత్తి చెవికి ఆనించింది. అవతల వినిపించింది ఆడగొంతు, బీటలువారిన గొంతు, నవ్వబోయి ఏడ్చినట్టున్న గొంతు.

"ఇయ్యాల ఏం కూర అక్కా?"

సుగుణమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్ని నెలలు రోజూ ఆ ప్రశ్న అడిగిన మగవాడు ఎవరూ లేడు. తనలాగే, ఎవరో ఒకామె, వంటింట్లో నిలబడి, తన మనిషి పేరు మీద అడిగింది.

"ఆయన..." అంది సుగుణమ్మ. "సమ్మయ్య గారు..."

"నేను శివమ్మను. సమ్మయ్య పెండ్లాన్ని. ఆయన ముచ్చట కూసొని చెప్త." రోడ్డుకు అవతల ఆమె ఒళ్ళోని బట్ట విప్పి, మోకాళ్ళ మీద పరిచింది. ఎండలో వెలిసిపోయిన నీలం గీతలు ఇంతదూరం కనిపించాయి. "ముందుగాల ఇది చూడు. గుర్తువట్టినవా? ఈ అంగీ వాపస్ ఇయ్యనీకి డేవిడన్న మా ఇంటికొచ్చిండు. కరోనాకు ముంగటి ఏడు. మూడు పొద్దులు ఉన్నడు. ఎందుకొచ్చిండో, ఏం అడిగిండో నీకు చెప్పే ఉంటడు గద?"

సుగుణమ్మకు తెలిసినంతవరకు, ఆ ఏడాది డేవిడ్ తార్నాక దాటి ఎక్కడికీ వెళ్ళలేదు.